గేమ్ అడిగితే ఏ పర్మిషన్ ఇవ్వాలి?

అందరికీ నమస్కారం.

కొత్త గేమ్ వేసుకుని తెరవగానే ఫోన్ వరసగా ప్రశ్నలు అడుగుతుంది. మైక్ వాడుకోనిస్తారా, ఫొటోలు చూడనిస్తారా, మీరెక్కడున్నారో తెలుసుకోనిస్తారా అని. అప్పటికి మన ధ్యాసంతా ఆట మీద ఉంటుంది, వేలు దానంతటదే 'అనుమతించు' మీదికి వెళ్లిపోతుంది. ఆ ఒక్క క్షణంలో ఏం చూడాలి, ఏం నొక్కాలి అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు అసలు ఒక గేమ్ నడవడానికి ఏం కావాలో చూద్దాం. తెర మీద బొమ్మ గీయడానికి, శబ్దం చేయడానికి, ఫోన్‌ని వణికించడానికి, ఇంటర్నెట్‌లోకి వెళ్లడానికి ఆండ్రాయిడ్‌లో గేమ్ మిమ్మల్ని అడగక్కర్లేదు. ఫోన్‌ని అటూ ఇటూ వంచి కారు తిప్పే గేములుంటాయి కదా, ఆ వంపుని కొలిచే సెన్సర్‌కి కూడా అడగక్కర్లేదు. ఎన్నో లెవెల్‌లో ఆపారో దాచుకోవడానికి ప్రతి యాప్‌కీ ఫోన్‌లో సొంత చోటుంటుంది, దానికీ అడగక్కర్లేదు. అంటే ఒక్కరే ఆడుకునే పజిల్ అయినా, పేకాట అయినా, రేసింగ్ అయినా ఒక్క పర్మిషన్ ఇవ్వకుండా మొదటి నుంచి చివరిదాకా ఆడేయొచ్చు. ఇవ్వకపోతే ఆడనివ్వను అని అలాంటి గేమ్ మొండికేస్తే, ఆ అవసరం ఆటది కాదు, తయారు చేసినవాళ్లది.

రెండో సంగతి, మీరిచ్చిన పర్మిషన్ ఎవరి చేతికి వెళ్తుంది? మైక్ ఇచ్చినప్పుడు వాయిస్ చాట్‌కి ఇచ్చామనుకుంటాం. ఫోన్‌కి వాయిస్ చాట్ అంటూ విడిగా ఏమీ తెలియదు. అది ఇచ్చేది యాప్ మొత్తానికి. ఉచితంగా దొరికే గేముల్లో ప్రకటనలు చూపించే కోడ్, ఆడేవాళ్ల తీరుని లెక్కగట్టే కోడ్ బయటి కంపెనీలు రాసినవి కలిపి ఉంటాయి. వాటిని ఎస్‌డీకేలు అంటారు. అవి ఆ గేమ్ పేరు మీదే, ఆ గేమ్‌కి ఉన్న హక్కులన్నిటితో నడుస్తాయి. గేమ్‌కి లొకేషన్ ఇస్తే లోపలున్న ప్రకటనల కోడ్ కూడా లొకేషన్ చదవగలదు, దానికోసం ఇంకో ప్రశ్న రాదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2017 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం రాసింది. అల్ఫోన్సో అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న గేములు గూగుల్ ప్లేలో 250కి పైగా ఉన్నాయని, ఆ సాఫ్ట్‌వేర్ ఫోన్ మైక్ ద్వారా గదిలోని టీవీ శబ్దాన్ని పట్టి ఏ ప్రకటన, ఏ కార్యక్రమం నడుస్తోందో గుర్తిస్తుందని. మనుషుల మాటలు రికార్డు చేయట్లేదని, వాడేవాళ్ల ఒప్పుకోలు తీసుకునే చేస్తున్నామని ఆ కంపెనీ చెప్పింది. ఒప్పుకోలు అంటే ఏమిటి? మైక్ అడిగిన పెట్టెలో 'అనుమతించు' నొక్కడమే. వాటిలో కొన్ని గేముల్లో మైక్‌తో చేసే పని ఆటలో ఎక్కడా లేదు. నేను పదేపదే చెప్పేది అందుకే. కంపెనీ పేరు చూసి నిర్ణయించకండి, ఆటలో ఏ పనికోసం అడుగుతోందో చూసి నిర్ణయించండి.

ఆ పని ఏమిటో తెలుసుకోవడం ఎలా? అది ఎప్పుడు అడిగిందో చూడండి. మీరు 'స్నేహితులతో మాట్లాడు' బటన్ నొక్కాక మైక్ అడిగితే కారణం ఎదురుగా ఉంది. తెరవగానే, ఇంకా లోగో కూడా పోకముందే నాలుగు పర్మిషన్లు ఒకదాని వెనక ఒకటి అడిగితే అన్నిటికీ 'అనుమతించవద్దు' నొక్కి లోపలికి వెళ్లండి. ఆట నడుస్తుంది. నడుస్తుండగా ఏదైనా ఆగితే, దేనికి ఏది కావాలో అదే తెలిసిపోతుంది. అప్పుడు ఇవ్వొచ్చు.

వద్దంటే తర్వాత చిక్కేమో అని చాలామంది జంకుతారు. చిక్కు ఒకటుంది, ముందే తెలుసుకుంటే సరిపోతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే పర్మిషన్‌కి రెండుసార్లు వద్దంటే ఫోన్ ఇక ఆ ప్రశ్న చూపించదు. ఐఫోన్‌లో ఒక్కసారికే అంతే. తర్వాత మీరు వాయిస్ చాట్ నొక్కితే ఏ పెట్టే రాదు, మీ గొంతు అవతలివాళ్లకి వినపడదు, గేమ్ పాడైందనుకుంటారు. పాడవలేదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, ఆ గేమ్ పేరు, పర్మిషన్స్. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఐఓఎస్ 18 నుంచైతే అందులో యాప్స్‌లోకి వెళ్లి, ఆ గేమ్ పేరు నొక్కితే చాలు. అక్కడ మైక్ ఆన్ చేసి గేమ్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అంతకుమించి పోయేదేమీ లేదు.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

లొకేషన్ దగ్గర ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ నిజమైన అవసరాలూ ఉన్నాయి, సాకులూ ఉన్నాయి. పోకెమాన్ గో లాంటి గేముల్లో మీరు నడిచే వీధే ఆటస్థలం, కచ్చితమైన లొకేషన్ లేకుండా ఆటే లేదు. అలాంటి వాటికి 'యాప్‌ను ఉపయోగిస్తున్నప్పుడు మాత్రమే' అన్నది సరైన జవాబు. దగ్గర్లోని సర్వర్‌కి, అంటే ఆటని నడిపే కంపెనీ కంప్యూటర్‌కి, కలపడానికి లొకేషన్ కావాలి అని కొన్ని గేములు చెబుతాయి. అది నిలబడని కారణం. ఏ సర్వర్ దగ్గరో తెలుసుకోవడానికి గేమ్ ఒక్కో సర్వర్‌కి చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూసుకుంటుంది. దాన్నే పింగ్ అంటారు. పైగా మీ ఐపీ అడ్రస్‌ని బట్టి మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో సర్వర్‌కి ఉజ్జాయింపుగా ఎలాగూ తెలుసు. జీపీఎస్ అక్కర్లేదు.

మూడో రకం కొంచెం తిరకాసుగా ఉంటుంది. పక్కపక్కన కూర్చుని బ్లూటూత్‌తో ఇద్దరు ఆడే గేమ్ లొకేషన్ అడుగుతుంది. ఇది మోసం కాకపోవచ్చు. చుట్టూ ఏ బ్లూటూత్ పరికరాలున్నాయి, ఏ వైఫై రౌటర్లున్నాయి అన్నది తెలిస్తే మీరెక్కడున్నారో లెక్కగట్టవచ్చు. అందుకే ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. ఆండ్రాయిడ్ 12లో దీన్ని విడదీసి 'సమీప పరికరాలు' అని వేరే పర్మిషన్ తెచ్చారు. మీ ఫోన్ కొత్తదైనా గేమ్ పాతదై, దాన్ని ఎవరూ సరిదిద్దకపోతే ఇంకా లొకేషనే అడుగుతుంది. అలాంటప్పుడు 'ఈసారి మాత్రమే' నొక్కండి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఈ వెసులుబాటు ఉంది. గేమ్ మూసి కాసేపయ్యాక ఆ పర్మిషన్ దానంతటదే పోతుంది.

ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి కచ్చితమైన లొకేషనా, సుమారు లొకేషనా అని కూడా మీరే ఎంచుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో సుమారు అంటే దాదాపు 3 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. మీ ప్రాంతపు ఆటగాళ్ల పట్టిక చూపించడానికైతే అది సరిపోతుంది. ఇక 'ఎల్లప్పుడూ' అన్న ఎంపిక ఆండ్రాయిడ్ 11 తర్వాత పెట్టెలో ఉండదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాలి. గేమ్ మిమ్మల్ని చెయ్యి పట్టుకుని అక్కడిదాకా నడిపిస్తోందంటే, మీరు ఆడనప్పుడు కూడా మీరెక్కడున్నారో దానికి కావాలని అర్థం. అడుగులు లెక్కపెట్టడానికే అయితే దానికి వేరే పర్మిషన్ ఉంది, లొకేషన్ అక్కర్లేదు.

మైక్ గురించి సగం చెప్పేశాను. జట్టుగా ఆడే షూటింగ్ గేముల్లో వాయిస్ చాట్ కావాలి, ఇవ్వండి, 'ఉపయోగిస్తున్నప్పుడు మాత్రమే' అని ఇవ్వండి. మైక్ నడుస్తుంటే ఆండ్రాయిడ్ 12 నుంచి తెర పైమూలలో ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఐఫోన్‌లో మైక్‌కి నారింజ చుక్క, కెమెరాకి ఆకుపచ్చ చుక్క. చాట్ ఆపాక కూడా ఆ చుక్క వెలుగుతూనే ఉంటే పర్మిషన్ తీసేయండి. పిల్లల విషయంలో ఇంకో మెట్టు ఉంది. పర్మిషన్ ఇచ్చాక గేమ్ లోపల వాయిస్ చాట్ అపరిచితులతో సహా తెరుచుకుని ఉందేమో చూడాలి. ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 డిసెంబరులో తీసుకున్న చర్యలో ఇది ముఖ్యమైన అభియోగం. పిల్లలకి వాయిస్, టెక్స్ట్ చాట్ మొదటి నుంచే ఆన్‌లో ఉంచారని. పిల్లల గోప్యత చట్టం ఉల్లంఘన కింద 27.5 కోట్ల డాలర్లు కట్టడానికి, ఆ చాట్‌ని ముందే ఆఫ్‌లో ఉంచడానికి కంపెనీ ఒప్పుకుంది. కాబట్టి పిల్లల ఫోన్‌లో మైక్ ఇచ్చే ముందు గేమ్ సెట్టింగ్స్‌లో చాట్‌ని 'స్నేహితులు మాత్రమే' అని మార్చండి. ఆ ఎంపిక లేని గేమ్ అయితే మైక్ ఇవ్వకండి.

ఫొటోలు, ఫైళ్లు. గేమ్‌లో మీ బొమ్మ పెట్టుకోవడానికి ఒక్క ఫొటో చాలు, మొత్తం గ్యాలరీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన ఫొటో పికర్‌లో మీరు ఎంచుకున్న ఫొటో ఒక్కటే గేమ్‌కి వెళ్తుంది, దానికి పర్మిషనే అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 14లో, ఐఓఎస్ 14 తర్వాత ఐఫోన్‌లో కొన్ని ఫొటోలు మాత్రమే ఇచ్చే వీలుంది. గ్యాలరీ అంతా ఇస్తే ఏం పోతుంది అంటారేమో. గుర్తింపు కార్డులు ఫొటో తీసి పెట్టుకుంటాం, పాస్‌వర్డ్ స్క్రీన్‌షాట్లు ఉంటాయి, ఫొటో ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్ లోపల రాసి ఉంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఆ చోటు వివరాన్ని ఫోన్ దాచిపెడుతుంది, దానికి యాప్ విడిగా అనుమతి పొందాలి. అంతకు ముందు ఫోన్లలో స్టోరేజ్ ఇచ్చారంటే లొకేషన్ కూడా ఇచ్చినట్టే.

స్టోరేజ్ ఎందుకు ఇంత సున్నితమో 2018 ఆగస్టులో బాగా తెలిసొచ్చింది. ఫోర్ట్‌నైట్ అప్పుడు ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయట, సొంత ఇన్‌స్టాలర్ ద్వారా వచ్చింది. ఆ ఇన్‌స్టాలర్ గేమ్ ఫైల్‌ని అన్ని యాప్‌లకీ ఉమ్మడిగా ఉండే స్టోరేజ్‌లో దించేది. స్టోరేజ్‌లో రాసే పర్మిషన్ ఉన్న ఇంకో యాప్ ఏదైనా, ఇన్‌స్టాల్ అయ్యేలోపు ఆ ఫైల్‌ని తీసేసి తన ఫైల్ పెట్టేయగలిగేది. గూగుల్ ఇంజినీర్లు ఈ లోపం పట్టుకున్నారు, ఎపిక్ వెంటనే సరిదిద్దింది. ఇక్కడ ప్రమాదం ఫోర్ట్‌నైట్ నుంచి కాదు, మీరెప్పుడో మర్చిపోయిన ఏదో చిన్న యాప్‌కి ఇచ్చిన స్టోరేజ్ పర్మిషన్ నుంచి.

కాంటాక్ట్స్ వద్దు. స్నేహితుల్ని పిలవడానికి లింక్ ఉంటుంది, ఫ్రెండ్ కోడ్ ఉంటుంది, అవి చాలు. మీ కాంటాక్ట్స్‌లో ఉన్నది మీ సమాచారం కాదు, వందల మంది ఇతరులది. వాళ్లనెవరూ అడగలేదు.

ఫోన్ పర్మిషన్, అంటే కాల్స్ చేయడానికి, చూసుకోవడానికి అని వచ్చేది. కాల్ వస్తే ఆట ఆపడానికి అని దీనికి వివరణ ఇస్తారు. కాల్ తెర ముందుకి రాగానే గేమ్ వెనక్కి పోయిందని ఆండ్రాయిడే దానికి చెబుతుంది. శబ్దం ఎవరి వంతో కూడా ఆండ్రాయిడే చూసుకుంటుంది. ఏ పర్మిషనూ లేకుండానే గేమ్ ఆగుతుంది. ఆండ్రాయిడ్ 9 వరకు ఈ పర్మిషన్‌తో ఫోన్ ఐఎంఈఐ నంబర్ చదవగలిగేవారు. మీరు ఫోన్ మొత్తం చెరిపేసినా మారని గుర్తింపు అది. ఆండ్రాయిడ్ 10లో మామూలు యాప్‌లకి ఆ దారి మూసేశారు.

ఎస్ఎంఎస్ అడిగే గేమ్‌ని అక్కడికక్కడే తీసేయండి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. ఓటీపీ దానంతటదే నింపుకోవడానికి అంటారు. ఆ ఒక్క సందేశం మాత్రమే అందుకునే పద్ధతిని గూగుల్ ఎప్పుడో ఇచ్చింది, దానికి ఎస్ఎంఎస్ పర్మిషన్ అక్కర్లేదు. గూగుల్ ప్లేలో ఎస్ఎంఎస్, కాల్ లాగ్ పర్మిషన్లని ప్రధానంగా మెసేజీలు, కాల్స్ కోసం ఉన్న యాప్‌లకి, మరికొన్ని మినహాయింపులకి పరిమితం చేస్తున్నట్టు 2018లోనే ప్రకటించారు. ఆ మినహాయింపుల్లో గేములకి చోటు లేదు. మీ మెసేజీలు చదవగలిగిన యాప్ మీ బ్యాంకు ఓటీపీ కూడా చదవగలదు.

కెమెరా, అడిగిన చోట కెమెరాతో చేసే పని కనిపిస్తుంటే ఇవ్వండి, లేకపోతే వద్దు. ఏఆర్ అనే, కెమెరా దృశ్యంలో బొమ్మ కలిపే ఆటల్లో కూడా చాలావరకు ఏఆర్ ఆపేసి ఆడుకోవచ్చు. నోటిఫికేషన్లకి ఆండ్రాయిడ్ 13 నుంచి అడగాల్సిందే. ఇవ్వకపోతే పోయేది రోజువారీ బహుమతి గుర్తుచేయడం ఒక్కటే. ఐఫోన్‌లో ట్రాక్ చేయొచ్చా, అంటే మిగతా యాప్‌లలో మీరు చేసేవి కూడా గమనించొచ్చా అని ఇంకో ప్రశ్న వస్తుంది, ఐఓఎస్ 14.5తో 2021 ఏప్రిల్‌లో మొదలైంది. వద్దనండి. వద్దన్నారని గేమ్ మీకు ఏ సదుపాయమూ ఆపకూడదు, అది ఆపిల్ నియమం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పెట్టెలో వచ్చి అడిగేవి. అసలు ప్రమాదకరమైనవి పెట్టెలో రావు, సెట్టింగ్స్‌లో 'ప్రత్యేక యాప్ యాక్సెస్' అన్న చోట, యాక్సెసిబిలిటీ అన్న చోట ఉంటాయి. దయచేసి ఈ భాగం శ్రద్ధగా వినండి.

యాక్సెసిబిలిటీ ఉన్నది చూపు లేనివాళ్లకి, చేతులు కదపలేనివాళ్లకి తోడ్పడే యాప్‌ల కోసం. అది ఇస్తే ఆ యాప్ తెర మీదున్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఇంకో పర్మిషన్ పెట్టె వస్తే దాని మీద 'అనుమతించు' కూడా తనే నొక్కగలదు. మామూలు యాప్‌లా నటిస్తూ బ్యాంకు డబ్బు దోచే ట్రోజన్లు అడిగేది ముందుగా ఇదే. రెండోది 'ఇతర యాప్‌ల మీద కనిపించడం'. మీ బ్యాంకు యాప్ తెర మీద అచ్చం అలాంటి తెర పరిచి పాస్‌వర్డ్ కొట్టించుకోవచ్చు. మూడోది నోటిఫికేషన్ యాక్సెస్. నోటిఫికేషన్లు పంపడానికి కాదు, మీకొచ్చే అన్ని నోటిఫికేషన్లూ చదవడానికి. ఎస్ఎంఎస్ ఇవ్వకుండా జాగ్రత్తపడి ఇది ఇచ్చారంటే ఓటీపీ ఈ దారిన పోతుంది. నాలుగోది డివైస్ అడ్మిన్. ఇస్తే ఆ గేమ్‌ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేయలేరు.

ఈ నాలుగూ ఎక్కువగా అడిగేవి మాడ్ ఏపీకేలు, అంటే అసలు గేమ్‌ని ఎవరో మార్చి స్టోర్ బయట పెట్టిన ఇన్‌స్టాల్ ఫైళ్లు. అన్ని లెవెల్స్ తెరిచి ఉన్నవి, నాణేలు ఉచితం అనేవి, ఆటో ఎయిమ్, ఆటో క్లిక్ సాధనాలు. స్టోర్ బయటి నుంచి దించిన యాప్‌లకి యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వబోతే ఆండ్రాయిడ్ 13 నుంచి ఆ బటన్ మసకబారి, ఇది పరిమిత సెట్టింగ్ అని చెబుతుంది. దాన్ని దాటడానికి యాప్ సమాచారంలోకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, పరిమిత సెట్టింగ్‌లని అనుమతించమని ఆ గేమ్‌తో వచ్చిన సూచనల్లో రాసి ఉంటుంది. మిమ్మల్ని ఆపడానికి ఫోన్ పెట్టిన అడ్డుని మీ చేతే తీయిస్తున్నారన్నమాట. అక్కడితో ఆగిపోయి ఆ గేమ్‌ని తీసేయండి.

ఇప్పటికే ఇచ్చేసి, తీసేద్దామంటే తెర మూసుకుపోతుంటే సేఫ్ మోడ్‌లో తెరవండి. చాలా ఫోన్లలో పవర్ మెనూ తెచ్చి 'పవర్ ఆఫ్' మీద నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు. ముందు సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ నుంచి దాన్ని తొలగించి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. బ్యాంకు పాస్‌వర్డులు ఆ ఫోన్‌లో కాకుండా ఇంకో పరికరం నుంచి మార్చండి.

పాత ఫోన్లు వాడేవాళ్లకి ఇంకో మాట. ఆండ్రాయిడ్ 6కి ముందు పద్ధతిలో రాసిన యాప్ ఇన్‌స్టాల్ సమయంలోనే అన్ని పర్మిషన్లూ తీసేసుకుంటుంది, ఒక్కోటి విడిగా అడగదు. ఆండ్రాయిడ్ 14 అలాంటి వాటిని ఇన్‌స్టాలే చేయనివ్వదు. అంతకు ముందు ఫోన్లలో ఏపీకే పెట్టగానే పొడవాటి జాబితా చూపించిందంటే వెనక్కి రండి.

లాగిన్ కూడా ఒక పర్మిషనే, జాబితాలో కనిపించదంతే. 2016 జులైలో పోకెమాన్ గో వచ్చిన కొత్తలో ఐఫోన్‌లో గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే ఖాతా మీద పూర్తి యాక్సెస్ తీసుకున్నట్టు తేలింది. యూజర్ ఐడీ, ఈమెయిల్ తప్ప ఏమీ చూడలేదని తయారీదారు నియాంటిక్ చెప్పి, కొద్దిరోజుల్లోనే సరిచేసింది. మీ గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో, థర్డ్ పార్టీ కనెక్షన్లు అన్న చోట ఏ గేమ్‌కి ఏం ఇచ్చారో ఉంటుంది. ఆడనివాటిని అక్కడ తొలగించండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: నా ఫోన్‌లో ఇప్పటికే చాలా గేములకి అన్నీ ఇచ్చేశాను. ఇప్పుడు తీసేస్తే లాభం ఉందా?)

ఉంది. తీసేసిన క్షణం నుంచి కొత్తగా ఏమీ వెళ్లదు. ఆండ్రాయిడ్ 12 ఆ పైనున్న ఫోన్లలో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరవండి, గత 24 గంటల్లో ఏ యాప్ ఎప్పుడు మైక్, కెమెరా, లొకేషన్ వాడిందో గంటలవారీగా చూపిస్తుంది. ఐఓఎస్ 15.2 నుంచి ఐఫోన్‌లో యాప్ ప్రైవసీ రిపోర్ట్ ఉంది, ముందు దాన్ని ఆన్ చేసుకోవాలి. అయితే ఇప్పటిదాకా సర్వర్‌కి చేరిపోయింది పర్మిషన్ తీసేసినా, గేమ్ తొలగించినా అక్కడే ఉంటుంది. అందుకని అన్‌ఇన్‌స్టాల్ చేయడానికి ముందే గేమ్ సెట్టింగ్స్‌లో ఖాతా తొలగింపు వెతకండి. ఖాతాలు పెట్టించుకునే యాప్‌లన్నీ ఆ వీలు యాప్ లోపలే ఇవ్వాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి నియమం పెట్టింది. గూగుల్ ప్లే కూడా యాప్ లోపలా, బయట వెబ్‌లోనూ ఆ దారి ఉండాలంటుంది.

(సభలోంచి: వద్దంటే గేమ్ మూసుకుపోతోంది. అప్పుడు?)

'ఈసారి మాత్రమే' ఇచ్చి లోపలికి వెళ్లండి. ఆ ఎంపిక వచ్చేది లొకేషన్, మైక్, కెమెరాలకే. వెళ్లాక సెట్టింగ్స్ నుంచి పర్మిషన్ తీసేసి మళ్లీ తెరవండి. కొన్ని గేములు మొదటిసారే తనిఖీ చేస్తాయి, తర్వాత మామూలుగా నడుస్తాయి. మళ్లీ మూసుకుపోతే, అడిగింది ఆటకి సంబంధం లేనిదైతే, స్టోర్‌లో రివ్యూ దగ్గర ఏ పర్మిషన్ కోసం మూసుకుపోతోందో పేరు పెట్టి రాయండి. రాసి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి.